నగర వీధిలో విశ్వవిద్యాలయ కళాశాల: ఆశుతోష్ మ్యూజియం చరిత్ర

విశ్వవిద్యాలయానికి రెండు ద్వారాలుంటాయి. పరీక్షలు ఉత్తీర్ణులై పట్టా కోరి వచ్చేవారి కోసం తెరచి ఉంచేది ఒకటి. ఏ పట్టానూ ఆశించక, తెలుసుకోవాలన్న కోరికతో మాత్రమే వచ్చే నగరవాసి కోసం తెరవవలసినది రెండవది. భారతదేశంలో ఆధునిక విశ్వవిద్యాలయాలు వెలసిన తొలి దశాబ్దాలలో ఈ రెండవ ద్వారం గురించి ఆలోచించినవారు అరుదు. ఆ ద్వారాన్ని నగరం నడిబొడ్డున తెరచి, ఒక కళా ప్రదర్శనశాల రూపంలో దానిని నిలిపిన ఘనత కలకత్తా విశ్వవిద్యాలయానికి దక్కుతుంది. 1937లో అక్కడ నెలకొన్న ఆశుతోష్ భారతీయ కళా మ్యూజియం మన దేశంలో ఒక విశ్వవిద్యాలయం ప్రజల కోసం స్థాపించిన మొదటి మ్యూజియంగా గుర్తింపు పొందింది. దాని చరిత్రను పరిశీలిస్తే, పండితుల విద్యకూ ప్రజల సంస్కృతికీ నడుమ గల సంబంధం ఎట్లా ఏర్పడుతుందో, ఎట్లా సడలుతుందో కూడా అవగతమవుతుంది.

పరీక్షల సంస్థ నుండి బోధనా పీఠం వరకు

కలకత్తా విశ్వవిద్యాలయం 1857 జనవరి 24న ఏర్పడింది. అదే సంవత్సరం బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు కూడా అవతరించాయి. లండన్ విశ్వవిద్యాలయం నమూనాపై రూపొందిన ఈ మూడు సంస్థలూ మొదట పాఠాలు చెప్పలేదు. అనుబంధ కళాశాలలలో చదివిన విద్యార్థులకు పరీక్షలు నిర్వహించి పట్టాలివ్వడమే వాటి విధి. లాహోరు నుండి రంగూను వరకు వ్యాపించిన విస్తార ప్రాంతానికి కలకత్తా ఒక పరీక్షా కేంద్రమైంది. వేలాది యువకుల జీవితాలను నిర్ణయించే ఆ సంస్థకు నగరంతో గానీ, నగర జీవనంలోని కళలతో గానీ చెప్పుకోదగిన సంబంధం లేదు.

ఈ స్థితిని మార్చిన మహనీయుడు సర్ ఆశుతోష్ ముఖర్జీ (1864-1924). గణితంలో పేరుగాంచి, న్యాయశాస్త్రంలో ఆరితేరి, కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన ఆయన 1906 నుండి 1914 వరకు, తిరిగి 1921 నుండి 1923 వరకు ఉపాధ్యక్ష పదవి నిర్వహించారు. 1917లో స్నాతకోత్తర విభాగాలు ఆయన చొరవతో వ్యవస్థీకృతమయ్యాయి. మరుసటి ఏడాది ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతుల శాఖ రూపుదిద్దుకొంది. 1919లో భారతీయ భాషలలో ఎం.ఏ. స్థాయి బోధన ఆరంభమైంది. అప్పటివరకు ఆంగ్ల సాహిత్యానికి ఉన్న గౌరవం దేశభాషల సాహిత్యానికి కూడా విశ్వవిద్యాలయంలో లభించడం ఒక మౌలికమైన మార్పు. ప్రతిభ ఏ ప్రాంతంలో ఉన్నా ఆహ్వానించడం ఆశుతోషుని పద్ధతి. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించి, మైసూరులో అధ్యాపకులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1921లో అయిదవ జార్జి తత్త్వశాస్త్రాచార్య పీఠానికి రప్పించింది ఆ దృష్టియే. దశాబ్ద కాలం అక్కడ బోధించిన రాధాకృష్ణన్ 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులయ్యారు.

అదే 1921లో ఖైరా సంస్థానం నుండి లభించిన నిధితో కొన్ని ఆచార్య పీఠాలు ఏర్పడ్డాయి. వాటిలో భారతీయ భాషాశాస్త్ర పీఠం సునీతికుమార్ ఛటర్జీకి దక్కింది. లలితకళల కోసం నెలకొల్పిన రాణీ బాగేశ్వరి పీఠాన్ని తొలిగా అధిష్ఠించినవారు చిత్రకారుడు అవనీంద్రనాథ ఠాకూర్. విశ్వవిద్యాలయ పట్టా లేని కళాకారుని ఆచార్యునిగా కూర్చోబెట్టడం సాహసమే. ఆయన తన ఉపన్యాసాలను ఆంగ్లంలో గాక వంగభాషలో ఇచ్చారు. కంటికి, చేతికి, మనసుకు సంబంధించిన విషయాన్ని ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పడం వలన ఆ ఉపన్యాసాలు తరగతి గోడలు దాటాయి. 1941లో వాటిని విశ్వవిద్యాలయమే ‘బాగేశ్వరీ శిల్ప ప్రబంధావళి’ పేరుతో గ్రంథరూపంలో వెలువరించింది. అనంతర కాలంలో షాహిద్ సుహ్రవర్దీ, నీహార్ రంజన్ రాయ్ వంటి విద్వాంసులు ఆ పీఠాన్ని అలంకరించారు.

బహిరంగోపన్యాసాల సంప్రదాయం కూడా ఈ కాలంలోనే బలపడింది. ఆశుతోషుని పెద్ద కుమార్తె కమల బాల్యంలోనే వైధవ్యం పొందగా, సాంఘిక నిరసనను లెక్కచేయక 1908లో ఆయన ఆమెకు పునర్వివాహం జరిపించారు. 1881లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు చేయించిన తొలి వితంతు వివాహం గురించి తెలిసిన తెలుగు పాఠకులకు ఈ చర్య వెనుకనున్న ధైర్యం బోధపడుతుంది. 1923లో కమల అకాల మరణం చెందింది. ఆమె స్మృత్యర్థం తండ్రి ఏర్పరచిన ధర్మనిధి నుండి కమలా ఉపన్యాసాలు పుట్టాయి. అనీ బిసెంట్, వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి వంటివారు వాటిని ఇచ్చారు. 1933లో రవీంద్రనాథుడు ‘మానుషేర్ ధర్మ’ అనే శీర్షికతో ప్రసంగించినది ఈ పరంపరలోనే. కుటుంబ దుఃఖం ఒక ప్రజా వేదికగా మారిన అరుదైన ఉదంతమిది.

వీధి, భవనం

ఈ కార్యకలాపాలకు నెలవైన కాలేజి స్ట్రీట్ గురించి కొంత తెలుసుకోవడం అవసరం. 1817లో హిందూ కళాశాలగా మొదలైన ప్రెసిడెన్సీ కళాశాల, 1824 నాటి సంస్కృత కళాశాల, 1835 నాటి వైద్య కళాశాల ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. కాలిబాటకు ఇరువైపులా పాత పుస్తకాల దుకాణాలు, ప్రచురణ సంస్థలు, ఎదురుగా గోల్‌దిఘి అని స్థానికులు పిలిచే చెరువు, దాని చుట్టూ ఉద్యానం. ఈ నేపథ్యంలో 1870 దశకం తొలినాళ్లలో విశ్వవిద్యాలయ సెనేట్ భవనం పూర్తయింది. కలకత్తా హైకోర్టు, జనరల్ పోస్టాఫీసు భవనాలకు నమూనాలు గీసిన వాల్టర్ గ్రాన్‌విల్ దీనికీ శిల్పి. ఎత్తైన మెట్లు, గ్రీకు పద్ధతిలో నిలిచిన భారీ స్తంభాలు గల ఆ ముఖమంటపం నగర చిహ్నాలలో ఒకటైంది.

పాలకుల వైభవాన్ని చాటడానికి నిర్మించిన ఆ మందిరాన్ని క్రమంగా ప్రజలు తమదిగా చేసుకొన్నారు. 1932 ఫిబ్రవరి 6న అక్కడ జరిగిన స్నాతకోత్సవంలో వీణాదాస్ అనే యువతి గవర్నర్ స్టాన్లీ జాక్సన్‌పై కాల్పులు జరిపింది. గురి తప్పింది. ఆమెకు తొమ్మిదేళ్ల కఠిన శిక్ష పడింది. రాజకీయోద్రిక్తత, విద్యా వైభవం, సాహిత్య గోష్ఠి అన్నీ ఒకే కప్పు క్రింద సంభవించిన స్థలమది. స్వాతంత్ర్యానంతరం 1954 జనవరిలో అదే మందిరంలో పెద్ద కవి సమ్మేళనం జరిగింది. అంతవరకు మితభాషిగా, జనసమూహానికి దూరంగా ఉన్న జీవనానంద దాస్ అక్కడ స్వీయ కవితలు చదివి శ్రోతలను ఆకట్టుకొన్నారు. ఆ సంవత్సరం అక్టోబరులోనే ఆయన మరణించారు.

మ్యూజియం అవతరణ

బాగేశ్వరి పీఠం వచ్చిన పిమ్మట ఒక లోటు స్పష్టమైంది. శిల్పం గురించి పాఠం చెప్పేవారున్నారు, వినేవారున్నారు. చేతితో తాకి, నలువైపుల నుండి చూసి పరిశీలించడానికి శిల్పం మాత్రం విశ్వవిద్యాలయంలో లేదు. ఆస్ట్రియా నుండి రవీంద్రుని ఆహ్వానంపై శాంతినికేతన్‌కు వచ్చి, 1920లలో కలకత్తా విశ్వవిద్యాలయంలో చేరి 1950 వరకు బోధించిన స్టెల్లా క్రామ్రిష్ వంటి కళాచరిత్రకారులకు ఈ లోటు నిత్యానుభవమే అయివుంటుంది. హిందూ దేవాలయంపై ఆమె రచించిన రెండు సంపుటాల మహాగ్రంథాన్ని 1946లో ప్రచురించింది కూడా ఈ విశ్వవిద్యాలయమే.

1937లో, ఆశుతోషుని కుమారుడు శ్యామాప్రసాద్ ముఖర్జీ ఉపాధ్యక్షులుగా ఉన్న కాలంలో, సెనేట్ భవనంలోని ఒక భాగంలో మ్యూజియం వెలసింది. దివంగత ఉపాధ్యక్షుని పేరు దానికి పెట్టారు. తొలి క్యూరేటరు దేవప్రసాద్ ఘోష్. అదే నగరంలో 1814లో ఆవిర్భవించి, చౌరంగీ వీధిలో నెలకొన్న ఇండియన్ మ్యూజియం అప్పటికే ఆసియా అంతటా ప్రసిద్ధం. భార్హుత్ స్తూపపు కంచె, గాంధార శిల్పాలు, ఖనిజాలు, జంతు అవశేషాలు అక్కడ ఉన్నాయి. దానితో పోటీపడడం కొత్త సంస్థ ఉద్దేశం కాదు. పెద్ద మ్యూజియం పట్టించుకోని వస్తువుల వైపు అది దృష్టి సారించింది.

పాల, సేన రాజుల కాలపు నల్లరాతి విగ్రహాలు, కంచు ప్రతిమలతోపాటు వంగదేశపు గ్రామీణ కళ అందులో చోటు చేసుకొన్నది. కాల్చిన మట్టి ఫలకాలు, కొయ్య చెక్కడాలు, తాళపత్ర గ్రంథాలు, వాటి చిత్రిత అట్టలు, పటచిత్రాలు, కాంథాలు క్రమంగా చేరాయి. కాంథా అంటే చిరిగిన చీరెలను పొరలుగా పరచి, అంచుల నుండి తీసిన రంగు నూలుతో స్త్రీలు కుట్టే బొంత. తెలుగు పల్లెలలోని బొంతకు అది తోబుట్టువు. వృద్ధురాలు మనుమని కోసం కుట్టిన వస్తువును పాలరాజుల విగ్రహంతో సమానంగా విశ్వవిద్యాలయ మందిరంలో ప్రదర్శించడం ఆనాటికి ఒక విప్లవాత్మకమైన నిర్ణయం. గురుసదయ్ దత్తు వంటివారు జిల్లాలలో తిరిగి జానపద కళాఖండాలను సేకరించి 1930 దశకం ఆరంభంలో కలకత్తాలో ప్రదర్శించిన కృషి ఈ దృక్పథానికి నేపథ్యాన్ని సమకూర్చింది. కాలక్రమంలో ఆశుతోష్ మ్యూజియం సేకరణ 25,000కు పైబడింది.

పటచిత్రం విషయంలో ఒక విశేషాన్ని గమనించాలి. వంగదేశపు పటువాలు చుట్టగా ఉన్న పటాన్ని ఒక్కొక్క దృశ్యంగా విప్పుతూ కథను పాడి వినిపిస్తారు. తెలంగాణలో చేర్యాల నకాషీ చిత్రకారులు రచించే పటాన్ని ముందుంచుకొని కులపురాణాలు గానం చేసే కళాకారుల పద్ధతి కూడా ఇట్టిదే. గాజు పెట్టెలో నిలువుగా బిగించిన పటం కంటికి కనబడుతుంది గానీ దాని సగం ప్రాణం పాటలో ఉండిపోతుంది. కాబట్టి మ్యూజియం కేవలం భాండాగారంగా ఉంటే చాలదు. ఉపన్యాసం, ప్రదర్శన, గోష్ఠి తోడైనప్పుడే వస్తువు తన కథను పూర్తిగా చెప్పగలుగుతుంది. విశ్వవిద్యాలయ మ్యూజియానికి ఇతర మ్యూజియాలకు లేని సౌకర్యం ఇక్కడే ఉంది. వస్తువును వివరించగల ఆచార్యుడు, ప్రశ్నించగల విద్యార్థి, చూడవచ్చిన బాటసారి ఒకే చోట కలుసుకొంటారు.

త్రవ్వకాలు

దానాలపై, కొనుగోళ్లపై మాత్రమే ఆధారపడక విశ్వవిద్యాలయం భూగర్భంలో కూడా చరిత్రను వెదికింది. 1938 నుండి 1941 వరకు దినాజ్‌పూర్ జిల్లాలోని బాణ్‌గఢ్‌లో కుంజగోవింద గోస్వామి నాయకత్వంలో త్రవ్వకాలు సాగాయి. మౌర్యుల కాలం నుండి మధ్యయుగం వరకు వరుస పొరలు అక్కడ బయల్పడ్డాయి. 1947 విభజనలో దినాజ్‌పూర్ జిల్లా రెండు దేశాల మధ్య చీలింది. బాణ్‌గఢ్ భారతదేశంలో నిలిచింది. చరిత్ర ఒకటిగా ఉన్న భూమిపై సరిహద్దు గీత పడిన తరువాత, ఇరుప్రక్కల వారసత్వాన్ని ఒకే గదిలో చూపగల మ్యూజియానికి కొత్త ప్రాధాన్యం ఏర్పడింది.

1956-57 నుండి 1967-68 వరకు కలకత్తాకు ఈశాన్యంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని చంద్రకేతుగఢ్‌లో ఆశుతోష్ మ్యూజియం స్వయంగా త్రవ్వకాలు నిర్వహించింది. అక్కడి మట్టి ఫలకాలలోని స్త్రీమూర్తుల తలపాగాలు, నగలు, వస్త్రాల మడతలు ప్రపంచ కళాచరిత్రలో ఖ్యాతి గడించాయి. రైతు నాగలికీ, చెరువు త్రవ్వే కూలి గడ్డపారకూ తగిలిన వస్తువులు అక్కడ అనేకం. అయితే అన్నీ మ్యూజియానికి చేరలేదు. శాస్త్రీయమైన త్రవ్వకాలు ఆగిన తరువాత ఎన్నో ఫలకాలు వ్యాపారుల చేతులు మారి విదేశాలలోని సంగ్రహాలకు తరలిపోయాయి. ఏ పొరలో, ఏ గోడ ప్రక్కన దొరికినదో తెలియని వస్తువు అందంగా ఉండవచ్చు, కానీ చరిత్రకారునికి అది సగం మూగది. తన పొలంలో దొరికిన బొమ్మకు విలువ ఉందని, దానిని అప్పగించడానికి ఒక నమ్మకమైన చోటు ఉందని గ్రామస్థునికి తెలిసినప్పుడే ఈ నష్టం తగ్గుతుంది. మ్యూజియం ద్వారం సామాన్యునికి తెరచి ఉండడం కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కూలిన స్తంభాలు

1957లో శతజయంతి జరుపుకొన్న విశ్వవిద్యాలయానికి స్థలం చాలలేదు. విద్యార్థుల సంఖ్య పెరిగింది, గదులు కావలసివచ్చాయి. 1960లో సెనేట్ భవనాన్ని కూల్చివేశారు. ఆ స్థానంలో అనేక అంతస్తుల శతవార్షిక భవనం లేచింది. మ్యూజియానికి అందులో చోటు కల్పించారు. పాలనాపరంగా చూస్తే ఆ నిర్ణయానికి కారణాలున్నాయి. అవసరం నిజమైనది, నిధులు పరిమితమైనవి, విశాలమైన మంటపం క్రింద తరగతులు నడపలేరు. అయినా ఆ స్తంభాలతోపాటు పోయినదేమిటో కూడా లెక్కించాలి. మెట్లెక్కితే చాలు, ఏ పరిచయమూ లేకుండా ఎవరైనా ప్రవేశించగల సభామంటపం అది. కొత్త భవనంలో ప్రవేశించడానికి సందర్శకునికి ఒక పని, ఒక గది సంఖ్య కావాలి. గతాన్ని భద్రపరచడానికి మ్యూజియం స్థాపించిన సంస్థయే తన గతానికి చెందిన ప్రధాన కట్టడాన్ని కోల్పోవడం చరిత్రలోని వైచిత్రి.

రాజ్‌షాహీ ఉదాహరణ

ఇదే కాలంలో సరిహద్దుకు ఆవల మరొక విశ్వవిద్యాలయం ఇందుకు భిన్నమైన మార్గంలో నగర మ్యూజియాన్ని పొందింది. 1910లో రాజ్‌షాహీలో వరేంద్ర పరిశోధన సమితిని ముగ్గురు ప్రారంభించారు. దిఘాపతియా జమీందారీ కుటుంబీకుడు కుమార్ శరత్‌కుమార్ రాయ్, వకీలు అక్షయకుమార్ మైత్రేయ, పాఠశాల ఉపాధ్యాయుడు రమాప్రసాద్ చందా. గ్రామాలలో తిరిగి విగ్రహాలు, శాసనాలు సేకరించి, ‘గౌడరాజమాల’, ‘గౌడలేఖమాల’ అనే వంగభాషా గ్రంథాలను 1912లో వెలువరించారు. 1919లో మ్యూజియం భవనం ప్రారంభమైంది. 1923లో పహాడ్‌పూర్ త్రవ్వకాలలో ఈ సమితి, కలకత్తా విశ్వవిద్యాలయం, పురావస్తు శాఖ కలిసి పాల్గొన్నాయి. తెలంగాణలో 1922లో పుట్టి, కొమర్రాజు లక్ష్మణరావు పేరు ధరించిన పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించిన కృషితో దీనిని పోల్చవచ్చు. ప్రభుత్వం గానీ విశ్వవిద్యాలయం గానీ పూనుకొనక ముందే పౌరులు తమ చరిత్ర భారాన్ని తమ భుజాలపై మోశారు.

విభజన తరువాత వరేంద్ర మ్యూజియం ఆర్థికంగా క్షీణించింది. పోషించిన కుటుంబాలు, పండితులు పలువురు వలసపోయారు. 1953లో స్థాపితమైన రాజ్‌షాహీ విశ్వవిద్యాలయం 1964లో దానిని స్వీకరించింది. విశ్వవిద్యాలయ ప్రాంగణం ఊరి వెలుపల మోతీహార్‌లో ఉండగా మ్యూజియం నగర మధ్యంలోనే కొనసాగింది. కలకత్తాలో విశ్వవిద్యాలయం మ్యూజియానికి జన్మనిచ్చింది. రాజ్‌షాహీలో ప్రజలు కన్న మ్యూజియాన్ని విశ్వవిద్యాలయం దత్తత చేసుకొన్నది.

హైదరాబాదులో బంగారు వాకిలి

తెలుగునేలపై కూడా ఇందుకు సాటియైన ఉదాహరణ ఉంది. 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో తన కార్యకలాపాలను ఆరంభించినది అబిడ్స్ సమీపంలోని ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అనే గృహంలో. నిజాం కళాశాలకు మూలమైన హైదరాబాదు కళాశాల తొలి ప్రిన్సిపాలు అఘోరనాథ్ ఛటోపాధ్యాయ నివసించిన ఇల్లది. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో లండన్‌లో వెలువరించిన తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి స్థిరపడింది. విశ్వవిద్యాలయం క్రమంగా సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోని గచ్చిబౌలికి తరలింది. అయినా నగరంలోని ఆ ఇంటిని విడనాడలేదు. 1988లో ఏర్పడిన సరోజినీ నాయుడు పేరిటి కళా ప్రసార విద్యాలయం కొంతకాలం అక్కడే నడిచింది. 2010 తరువాతి సంవత్సరాలలో రంగస్థల విస్తరణ విభాగం ఆ ఆవరణను నాటక ప్రయోగాలకు, శిక్షణకు ఉపయోగించింది. దూరాన గల ప్రాంగణానికి ఎన్నడూ వెళ్లని ప్రేక్షకుడు నగరం మధ్యలో విశ్వవిద్యాలయాన్ని కలుసుకొనే అవకాశం ఆ విధంగా లభించింది.

ఉపసంహారం

ఈ మూడు నగరాల అనుభవం ఒకే సత్యాన్ని సూచిస్తున్నది. విశ్వవిద్యాలయాలు విస్తరించిన కొద్దీ నగర కేంద్రం నుండి దూరమవుతాయి. భూమి అక్కడే లభిస్తుంది. విజ్ఞాన ప్రయోగశాలలు, వసతిగృహాలు శివార్లకు తరలడంలో తప్పులేదు. కళలు, చరిత్ర, సాహిత్యం మాత్రం మనుషులు మసలే చోట ఒక గదినైనా నిలుపుకోవాలి. అది గొప్ప భవనం కానక్కరలేదు. సెనేట్ భవనం గొప్పదే అయినా నిలువలేదు. సరోజినీదేవి ఇల్లు సాధారణమైనదే అయినా ఉపయోగపడింది.

గది ఉండడం ఒక్కటే చాలదు. బాగేశ్వరి ఉపన్యాసాల మాదిరి ప్రజల భాషలో మాట్లాడే గొంతు కావాలి. కాంథా కుట్టిన స్త్రీకి, పటం విప్పే పటువాకు శిల్పాచార్యునితో సమానమైన గౌరవం కావాలి. సందర్శన వేళలు ఉద్యోగి, కూలి, గృహిణి రాగలిగినట్లు ఉండాలి. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. అయినా నిధుల కొరత వచ్చినప్పుడు మొదట ఆగిపోయేవి ఇవే. వస్తువులకు తాళం వేసి భద్రపరచితే కర్తవ్యం తీరినట్లు అధికారులు భావిస్తారు. ఆ తాళమే క్రమంగా మరపుకు నాంది అవుతుంది.

తన కుమార్తె పేర ఉపన్యాసాలు నెలకొల్పిన న్యాయమూర్తి, ఊరూరా తిరిగి విగ్రహాలను మోసుకొచ్చిన పాఠశాల ఉపాధ్యాయుడు, చిరిగిన చీరెలో చరిత్రను చూసిన క్యూరేటరు మనకు విడిచిపోయిన ఆస్తి వస్తువుల పట్టికలకు పరిమితమైనది కాదు. విద్య వీధిలోకి రావాలన్న వారి సంకల్పమే అందులో అమూల్యమైన భాగం. దానిని నిలుపుకొనే బాధ్యత విశ్వవిద్యాలయాలది ఎంతో, వాటి ద్వారం తట్టవలసిన పౌరులది కూడా అంతే.